పసుపు ఆపమన్న తార్

ఆర్మూరు,
2-6-1996, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి గంగమణికి,

నీ ఇంటాయన ముత్తెన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అత్త అయిన మా అవ్వ లసుమవ్వ, మన బిడ్డ గంగజల ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ ఫ్రాన్సులో నువ్వూ, నువ్వు సాకుతున్న అమ్మగారి పాపా ఎలా ఉన్నారో తెలియక నిన్నటి నుంచి నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

ముందు ఒక మాట. నిన్న నేనిచ్చిన తార్, ఆ టెలిగ్రాం, అందిందా? అందితే సరే. అందకపోతే ఉత్తరం ఇక్కడే ఆపు. లేచి వెళ్లి, నేను కట్టిచ్చిన పసుపు డబ్బాకు మూత బిగించి, పాపకు అందని చోట పెట్టు. పాలల్లో చిటికెడు కూడా వెయ్యకు, ఒంటికి రాయకు. నువ్వు కూడా మొహానికి పెట్టుకోకు. పారెయ్యకు మాత్రం, డాక్టరు చూడాలి. ఆ పని చేసి వచ్చి మిగతాది చదువు. ఎందుకో చెప్తాను. చెప్పడానికే కూర్చున్నాను గానీ ఆ మాట దగ్గరికి చెయ్యి పోనంటున్నది. రెండు కాగితాలు చింపాను, ఇది మూడోది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. ఇంటిమీద పెంకలు తిరగేయించాను, ఇక వాన వచ్చినా ఫికర్ లేదు. అవ్వ మోకాలు అలాగే ఉంది, తైలం రాయమంటే 'నాకేమైందిరా' అని నా మీదే లేస్తుంది. గంగజలకు ముందు పన్ను ఊడింది. ఇంటిమీద పారెయ్యమంటే వద్దట, అమ్మకు చూపించాలట, అగ్గిపెట్టెలో దాచింది. విత్తనం పసుపు నీడన పోసి ఉంచాను. నాటడానికి మిరుగం కార్తె ఇంకో వారం ఉంది. తిండి తింటున్నావా అని అడిగావు. మొన్నటిదాకా తిన్నాను.

నువ్విచ్చిపోయిన మీ యాత్ర కాగితాన్ని క్యాలెండర్ పక్కన అతికించాను. గంగజల పొద్దున లేవగానే దానిమీద వేలు పెట్టి "నాయినా, అమ్మ ఇయ్యాల ఏడున్నది?" అంటుంది. సముద్రం ఒడ్డున నాలుగు రోజులు, నది మీది కోటలో ఆరు రోజులు, ద్రాక్ష తోటల్లో పడవ మీద ఐదు రోజులు, ప్రొవాన్స్ అనే చోట పల్లెటూరి బంగ్లాలో వారం, చివరికి మళ్లీ సముద్రం, నీస్ పట్నం. పదిమందితో బస్సెక్కే యాత్ర కాదు గదా మీది! అమ్మగారి ఆఫీసు వాళ్లు ఏ పూట ఎక్కడ తినాలో, ఏ కారు ఎన్ని గంటలకు వస్తుందో కొలిచి కుట్టించిన అంగీలాగా చేయించారు. పాప పాలు ఎంత వేడి ఉండాలో, తాగే నీళ్లు ఏ ఊళ్లో ఎవరు తెచ్చిస్తారో కూడా రాసుంది. నిన్న ఆ కాగితం పైనుంచి కిందిదాకా మూడుసార్లు చదివాను. అందులో లేనిది ఒక్కటే, మన పసుపు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మొదటి పేజీ చదివి మేమంతా ఒకటే నవ్వు. "దారి పొడుగునా పచ్చటి పూల చేన్లు, మన పసుపే ఆరవోసిన్రు అనుకున్న, ఆవాల జాతి పంటనట" అన్నావు. "పాపకు పసుపు వెట్టి తానం పోస్తె కోటల తెల్ల దుప్పట్లు పచ్చగైనయ్. దుప్పట్ల లెక్క సూసే ముసలామె తలకాయ పట్టుకొని కూసున్నది" అన్నావు. అవ్వ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. నేను కూడా నవ్వాను గంగమణీ, ఆ రంగు ఎంత సబ్బు పెట్టినా పోవడం లేదని రాసినా నవ్వాను.

రెండో పేజీ తిప్పాను. పాపకు మూడు రోజులుగా వాంతులు, ఒంటినిండా దద్దుర్లు. డాక్టరు వచ్చి ఒకరోజు పాలు మార్చాడు, ఒకరోజు నీళ్లు మార్చాడు, మందు మార్చాడు, తగ్గలేదు. "అమ్మగారు అన్నీ బంద్ చేయించింది. ఒక్క పసుపు మాత్రం ఉంచుమన్నది. మా ఇంటాయన సొంత చేతులతోని దంచిచ్చిండు, గా చేతుల మీద ఒట్టు, దాంట్ల నలక గూడ ఉండదు అని చెప్పిన. రోజూ పాలల్ల ఇంకో చిటికెడు ఎక్కువనే ఏస్తున్న" అన్నావు.

ఉత్తరం మీద తేదీ ఇరవై రెండు. అంటే పది రోజులు. పది రోజులుగా ఇంకో చిటికెడు ఎక్కువ.

చెప్పులు కూడా వేసుకోకుండా నారాయణ ఫోన్ల దుకాణానికి ఉరికాను. కాగితంలోని ప్రొవాన్స్ బంగ్లా నంబరు తిప్పించాను. ఎవరో ఆడమనిషి ఎత్తి గబగబా ఏదో అంది. "గంగమణి! గంగమణి!" అని అరిచాను. ఆమె కూడా రెండుసార్లు గంగమణి అని నవ్వి పెట్టేసింది. ఇంకో రెండుసార్లు తిప్పినా అంతే. అక్కణ్నించి తారాఫీసు. పసుపు ఆపు, ఎవరికీ ఇవ్వొద్దు అని ఇంగ్లీషులో రాయించాను. తార్ కొట్టే గంగాదాస్ నన్ను కిందికీ మీదికీ చూసి "ఏం ముత్తెన్నా, రేటు పడ్డదా? ఫ్రాన్సోనితోని బ్యారం ఎప్పటిసంది?" అన్నాడు. సాయంత్రానికి మార్కెట్ యార్డంతా అదే ముచ్చట. ముత్తెన్న విదేశాల సేటుకు సరుకు ఆపమని తార్ ఇచ్చిండట అని. పెర్కిట్ నుంచి ఇద్దరు రైతులు ఇంటికే వచ్చి అమ్ముదామా ఆగుదామా అని అడిగారు. నేనేం చెప్పను వాళ్లకు? తలనొప్పి అని పడుకున్నాను.

ఇక చెప్తాను.

ఈ ఏడు మన పసుపు ఆరబోసినప్పుడు వాన పడి రంగు చచ్చిందని నీకు తెలుసు. అవ్వ ఇంటికోసమని కుండలో దాచింది కూడా ఆ మట్టిరంగుదే. నువ్వు బయల్దేరే ముందు "జర పసుపు కట్టియ్యి, పసుపు లేకుంట అంత దూరం ఎట్ల పోతం" అన్నావు. కుండ మూత తీసి చూశాను. హైదరాబాదు అమ్మగారి ముందు, ఆ కోటలవాళ్ల ముందు నువ్వు ఆ మట్టిరంగు డబ్బా విప్పుతావా అనిపించింది. ఆర్మూరు అంటేనే పసుపు కదా, పరువు పోతుందనుకున్నాను. తుకారాం సేటు గోదాములో నేను పాలిష్ డ్రమ్ము తిప్పుతాను కదా. అక్కణ్నించి శేరు కొమ్ములు తెచ్చాను. బంగారంలా ఉన్నాయి. నువ్వు చూసి "అబ్బ, ఏం రంగు!" అన్నావు, గుర్తుందా?

ఆ రంగు నేను వేసిందే. పాలిష్ చివర డ్రమ్ములో పసుపుపచ్చ రంగు పొడి చల్లుతాం. రంగు చచ్చిన సరుకు కూడా మెరుస్తుంది, లారీ ఎక్కుతుంది. ఆ పొడి డబ్బా మీద తినే వస్తువుల్లో వాడరాదని ఇంగ్లీషులో ఎర్రక్షరాలున్నాయి. నేను పదో తరగతి చదివినవాణ్ని. రెండు సీజన్లు రోజూ ఆ అక్షరాలు చదివి, రోజూ చల్లాను. ఆ కొమ్ములే ఇంటికి తెచ్చి రోట్లో వేసి దంచాను. నా చేతులతో దంచానని నువ్వు చెప్పిన మాట మాత్రం నిజం.

నువ్వు దాన్ని దేవుడి ముందు పెట్టుకుంటావు, మొహానికి రాసుకుంటావు అనుకున్నాను. పసిపిల్ల పాలల్లో వేస్తావని తట్టనే లేదు. తట్టకపోవడం ఏమిటి? గంగజలకు జలుబు చేస్తే నువ్వు చేసేది అదే కదా! నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం లేదు.

రాత్రి అవ్వకు చెప్పాను. "మనం తినేదాంట్ల ఎన్నడు కలపలే అవ్వా, బయటోల్లకు పోయేదాంట్లనే" అన్నాను. అవ్వ కొట్టలేదు, తిట్టలేదు.

"బయటోల్లంటె ఎవలురా?" అంది. "నా కోడలు సంకల ఉన్న పోరి బయటిదా?"

ఇంకో సంగతి కూడా దాచను. తార్ ఇచ్చి వచ్చాక నిన్న సాయంత్రం కాసేపు నా మనసు తేలికపడింది. పసుపు ఆపితే పాపకు అదే తగ్గుతుంది, ఎందుకో ఎవరికీ తెలియనక్కర్లేదు, నీ కొలువూ నా పరువూ ఉంటాయి అనుకున్నాను. బీడీలు చుట్టే చాట ముందు నుంచి లేచి హైదరాబాదులో అమ్మగారి బంగ్లాకు కొలువుకు పోయిన రోజు "ఇగ ఈ చాట ముంగట కూసోను" అన్నావు నువ్వు. ఆ మాటే పట్టుకుని నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ ఆ డాక్టరు పాపం చీకట్లో తడుముకుంటున్నాడు గదా. లోపలికి పోయింది ఏమిటో తెలియకుండా మందు ఎలా ఇస్తాడు? మన గంగజలే అయితే నోరు మూసుకుని కూర్చునేవాణ్నా?

పొద్దున్నే సేటు ఇంటికి పోయాను.

"సేటూ, రంగు డబ్బా ఒకటియ్యి. డాక్టర్‌కు సూపియ్యాలె" అన్నాను. సంగతంతా చెప్పాను. ముందు నవ్వాడు.

"ఫ్రాన్స్‌ల పోరికి కడుపునొస్తె ఆర్మూర్ల నా గోదాము మీదికి తెస్తవా? పదేండ్ల సంది పంపుతున్నం. ఒక్కడన్న వచ్చి అడిగిండా?"

"అడగనీకె ఆళ్లకు ఎర్కుండాలె గద సేటూ."

అప్పుడు నవ్వు పోయింది. "డబ్బ వట్టుకొని పోతె మల్ల నా గోదాము మెట్టు ఎక్కకు."

"ఎక్కను" అన్నాను. మొన్ననే ఖాళీ అయిన డబ్బా గోదాము వెనక పడి ఉంటే తీసుకొచ్చాను. నా పక్కనే గుడ్డలో చుట్టి ఉంది ఇప్పుడు.

రేపు మొదటి బస్సుకు హైదరాబాదు పోతున్నాను. ఇవాళే పోయేవాణ్ని, ఆదివారం ఆఫీసు తెరవరు, అమ్మగారి బంగ్లాలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరని నారాయణ ఫోన్ చేసి కనుక్కున్నాడు. బస్సు ఎంత ముందుగా అక్కడ దింపినా సరే, తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చుంటాను. ఆఫీసు వాళ్ల ఫోన్‌లో అమ్మగారితో నేనే మాట్లాడతాను. డబ్బా మీది పేరు అక్షరం అక్షరం చదివి చెప్తాను, డాక్టరు రాసుకుంటాడు. నా పేరు, నేను చేసిన పని చెప్తాను. మా ఇంటామెకు ఏం తెలియదమ్మా, ఆమె ఒట్టు పెట్టింది నా మీద నమ్మకంతోనమ్మా అని చెప్తాను. నమ్ముతారో లేదో.

కాబట్టి నీస్ హోటలుకు ఈ ఉత్తరం చేరేసరికి నీకంతా తెలిసి ఉంటుంది. అమ్మగారి నోటినుంచే విని ఉంటావు, ఎన్ని మాటలు పడ్డావో! అందుకే రాస్తున్నాను, ఇది నా నోటినుంచి కూడా నీకు అందాలని. వాళ్లు పంపించేస్తే తల దించుకోకుండా రా, పెర్కిట్ కాడ బస్సు దిగేచోట నేనుంటాను. ఉంచుకుంటే మాత్రం సిగ్గుపడి వదిలి రాకు. పాప మళ్లీ పాలు తాగి, నవ్వి, నీ జుట్టు పట్టి గుంజేదాకా ఆ పిల్ల పక్కనే ఉండు.

నీకు రాసే ప్రతి ఉత్తరానికీ నాలుగు మూలలా పసుపు పెట్టేవాణ్ని. ఈసారి పెట్టలేదు. అవ్వ చూసి "మూలలకు పసుపు లేని ఉత్తరం ఎవలన్న సస్తే రాస్తరు, తే ఇటు" అని నా చేతిలోంచి లాక్కుంది. కుండలోంచి తీసి తనే రాసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. మట్టిలా కనిపిస్తుంది, చూసి మరకనుకోకు. అది మనింటి పసుపు.

పాపకు తగ్గిందని ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టేవన్నీ ఆ తర్వాత రాద్దువు.

ఇట్లు,
నువ్వు ఒట్టు పెట్టిన చేతులతో రాసిన
గంగజల నాయిన,
ముత్తెన్న.