నలుగురం, రెండు మోటారు సైకిళ్ళు

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ముందు 'సౌభాగ్యవతి' అని రాసి కొట్టేశాను. ఆ గీతలు చూసి బాధపడకు. చేతికి పదేళ్ళ అలవాటు, రెండేళ్ళలో పోలేదు.

ఫోను మానేసి ఉత్తరం ఎందుకంటే, నలభై ఏళ్ళు లేతు మిషను పక్కన నిలబడ్డ చెవులు నావి. నువ్వు ఫోన్లో చెప్పేదాంట్లో సగం వినపడదు. మిగతా సగం మీ అత్తయ్య చెబుతుంది, అది ఆవిడ సొంత కవిత్వం. మొన్న నువ్వు 'బదిలీ అయింది' అంటే, 'బదులు కావాలిట' అని చెప్పింది. ఇద్దరం రెండు రోజులు బెంగపెట్టుకున్నాం.

నీ ఉత్తరం వచ్చాక గాని అసలు సంగతి తెలియలేదు. కొత్త ఊళ్ళో ఆస్పత్రివాళ్ళు క్వార్టర్స్ ఇస్తున్నారనీ, మమ్మల్నిద్దర్నీ అక్కడికి తీసుకెళ్ళి నీ దగ్గరే ఉంచుకుంటాననీ, అందుకే కారు కొంటున్నాననీ రాశావు. సంతోషం. ఇక్కడ షెడ్డు ఓనరు ఎలాగూ ఖాళీ చెయ్యమంటున్నాడు. లేతు అమ్మేశాను. ఇక పై గదిలో మేమిద్దరం, కింద షెడ్డులో, వాడు పోయాక నీ దగ్గర చోటు లేక ఇక్కడికి తెచ్చి పెట్టిన మా అబ్బాయి మోటారు సైకిళ్ళు రెండూ మిగిలాం.

కారంటే మరీ చిన్నది కాదు కదా? మోటారు సైకిళ్ళు కూడా పట్టాలి. నువ్వు రాయలేదు గానీ నాకు తెలియదా? వాడి బళ్ళు వదిలేసి నువ్వు అడుగు వేస్తావా! అందుకే కొలిచాను. ఎర్రది ఏడడుగుల పొడవు, హ్యాండిల్ దగ్గర రెండున్నర అడుగుల వెడల్పు. నల్లది ఇంకో నాలుగంగుళాలు పొడవు. మనం నలుగురం కూర్చోవాలి, అవి రెండూ నిలబడాలి. అలాంటి బండి చూడు.

ఇట్లు,
మామయ్య

తా.క.: మీ అత్తయ్యని కూడా కొలుద్దామని టేపు పట్టుకెళ్ళాను. ఇప్పుడు టేపు నా దగ్గర లేదు.

*

పూజ్యులైన మామయ్యగారికి కోడలు నమస్కరించి రాసేది.

ఇంకా ఈ పాత ఊళ్ళోనే ఉన్నాం. నేనూ పాపా బాగున్నాం. బాగున్నామంటే, జ్వరాలు లేవు.

బూడిదరంగు చిన్న కారు ఒకటి చూసి దాదాపు ఖాయం చేసుకున్నాను. మీ ఉత్తరం రాగానే వద్దని చెప్పేశాను. మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫాంతోనే షోరూముకి వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రాడు ఎదురొచ్చాడు.

"ఎంతమంది కుటుంబం మేడమ్?"

"నలుగురం. రెండు మోటారు సైకిళ్ళు."

"వాటిని ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపరు."

"మరి..."

"ఎక్కడికెళ్ళినా తీసుకెళ్ళాలి."

మంచినీళ్ళు తెస్తానని లోపలికెళ్ళాడు. నీళ్ళు వేరేవాళ్ళు తెచ్చారు. అతను మళ్ళీ కనపడలేదు.

వెనక తొట్టి ఉండే నాలుగు తలుపుల బండి చూశాను. తొట్టి అయిదడుగులే. మోటారు సైకిలు రెండడుగులు బయటికి వేలాడుతుంది, అదీ ఒక్కటే. కారు వెనక తగిలించే ట్రాలీ చూపించారు. రివర్సు చేసి చూడమన్నారు. నేను కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది మామయ్యా, అచ్చం మీ మనవరాలే. వాచ్‌మన్ కుర్చీ విరిగింది. అతను టీకి లేచి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. నేను నర్సునేనని ధైర్యం చెప్పాను గానీ అతను దగ్గరికి రాలేదు.

అయినా వెతుకుతాను. అవి లేకుండా మీరు రారని నాకు తెలుసు. మీ ప్రాణమంతా వాటి మీదే కదా.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: నానమ్మ మోటారు సైకిలు మీద కూర్చుంటే ఒక సీటు కలిసొస్తుందిగా అని పాప అడుగుతోంది. లెక్క సరిగ్గానే ఉంది. నానమ్మకి మాత్రం చెప్పకండి.

*

చిరంజీవి కోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చివర 'మీ ప్రాణం' అని రాశావు. హడావిడిలో తడబడ్డావు. 'నా ప్రాణం' అని దిద్దుకుని చదువుకున్నాను.

ట్రాలీ మాట మర్చిపో. కావలసింది లోపల నేల చదునుగా ఉండే పొడుగాటి వ్యాను. మొన్న సుద్దముక్కతో షెడ్డు నేల మీద గీసి చూశాను. పన్నెండున్నర అడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు. అందులో నాలుగు కుర్చీలు వేశాను, రెండు మోటారు సైకిళ్ళూ ఎక్కించాను. నేను డ్రైవరు సీట్లో కూర్చుని మీ అత్తయ్యని వెనక కూర్చోమన్నాను.

"ఎంతసేపు?" అంది.

"ఆరు గంటల ప్రయాణం. కాసేపైనా కూర్చోకపోతే నీ మోకాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?"

గంటన్నర కూర్చుంది. ఎర్ర బండి వైపు తిరిగి అలా చూస్తూ ఉండిపోయింది. మధ్యలో షెడ్డు ఓనరు వచ్చాడు. సుద్దగీతల మధ్య ముందొకళ్ళం వెనకొకళ్ళం కూర్చుని ఉండడం చూసి, గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు కబురు పెట్టాడు: తొందరేం లేదు, ఇంకో నెల ఉండండి అని.

నువ్వు దిగులు పెట్టుకోకు. ఆదివారం ఆదివారం రెండు బళ్ళూ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నాను. అంతా నీకోసమే. పొగకి కాస్త దగ్గొస్తోంది. అదేం పెద్ద విషయం కాదు.

ఇట్లు,
మామయ్య

తా.క.: గంటన్నర అయ్యాక మీ అత్తయ్య లేచి, చీర దులుపుకుని, "వచ్చేశామా?" అంది. వేళాకోళమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

*

మామయ్యగారికి నమస్కారాలతో కోడలు రాసేది.

బళ్ళు నాకోసం స్టార్ట్ చేస్తున్నానని రాశారు. మీ మొహమాటం నాకు కొత్తా? మాస్కు పంపిస్తున్నాను, పెట్టుకుని స్టార్ట్ చెయ్యండి.

వ్యాను దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

పాత బళ్ళు అమ్మే బ్రోకరు ఒకాయన ఉన్నాడు, నల్లకళ్ళద్దాలాయన. చెప్పానో లేదో, "మీలాంటివాళ్ళ కోసమే ఉంచాను" అని యార్డు చివరికి తీసుకెళ్ళాడు. తెల్ల వ్యాను. పొడుగ్గా, శుభ్రంగా ఉంది.

"ఒక్కడే ఓనరు మేడమ్. ఎప్పుడూ ముప్ఫై దాటించలేదు."

"అంత నెమ్మదిగా ఎందుకు?"

"తొందరపడే ప్యాసింజర్లు కారు."

వెనక తలుపులు తీశాడు. స్టీలు నేల, నేలకి రెండు పట్టాలు, ఒక పక్క గోడ పొడవునా బెంచీ, కిటికీలకి ముదురు రంగు తెరలు. మూలలో నీళ్ళు పోవడానికి చిన్న కన్నం.

పదమూడేళ్ళ నుంచి నర్సుని మామయ్యా. ఈ బళ్ళని ఆస్పత్రి వెనక గేటు దగ్గర రోజూ చూస్తాను. లోపల ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాను. మీ అబ్బాయి మోటారు సైకిలు మీద పోతారేమోనని పదేళ్ళు భయపడ్డాను. సైరను వినపడితే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టేసేదాన్ని. చివరికి ఇంట్లో, మంచం మీద, నా పక్కనే నిద్రలో పోయారు. నాకు మెలకువ కూడా రాలేదు. ఆ బెంచీ మీద కూర్చుంటే ఇవన్నీ గుర్తొచ్చాయి.

తర్వాత లేచి కొలిచాను. టేపు అబద్ధం చెబితే బాగుండుననిపించింది. పన్నెండున్నర అడుగులు. మీరు సుద్దతో గీసినట్టే.

నలుగురం, రెండు మోటారు సైకిళ్ళూ పట్టే బండి ఈ ఊరు మొత్తం మీద ఇదొక్కటే. మీరు కొనమంటే కళ్ళు మూసుకుని కొనేస్తాను.

ఇట్లు,
మీ కోడలు

తా.క.: ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నాడు. "పనిచెయ్యక చస్తుందా" అన్నాను. ఆయన నవ్వలేదు.

*

చిరంజీవి కోడలికి మామయ్య రాయునది.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. స్టీలు నేల దగ్గరికొచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వాడి బళ్ళ కోసం నువ్వు శవాల బండి కొనడానికి కూడా సిద్ధపడ్డావంటే, ఇక నేనేం అడ్డు చెప్పను? కొనెయ్యి. నేను ఎక్కుతాను. నా వయసుకి ఎప్పటికైనా ఎక్కవలసిందే. ముందుగా ఓసారి కూర్చుని చూసుకున్నట్టు ఉంటుంది.

నువ్వు ఇంత తెగించాక ఒకటి దాచడం న్యాయం కాదు. నాకు ఆ మోటారు సైకిళ్ళు మొదట్నుంచీ పడవు. వాడికి లేతు పని నేర్పాలని నేననుకుంటే, వాడు నా పనిముట్లతోనే వాటిని విప్పుకుంటూ కూర్చునేవాడు. రోజూ అరుచుకునేవాళ్ళం. ఇప్పుడు ఆదివారం బండి స్టార్ట్ చేస్తాను చూడు, ఆ చప్పుడు వినగానే వాడొచ్చాడని గుమ్మం వైపు తిరుగుతాను. స్టార్ట్ చేసింది నేనే, తిరిగి చూసేదీ నేనే. ఇలా ఎన్ని ఆదివారాలని? అయినా నీకు కావాలి. అందుకే మోస్తున్నాను, మోస్తాను.

ఇట్లు,
మామయ్య

తా.క.: ఈ సంగతంతా విని మీ అత్తయ్య ఏమందో రాయలేదు కదూ. ఏమీ అనలేదు. నలభై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, జ్వరం లేదు.

*

మామయ్యా, నమస్కారం. ఈసారి పొడుగ్గా పిలిచే ఓపిక లేదు.

నాకు అవి అక్కర్లేదు! ఎప్పుడూ అక్కర్లేదు!

పదేళ్ళు ఆయన వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఈ ఊళ్ళో ఆయనతో తిరిగిన రోడ్లు ఒక్కటీ నాకు తెలియదు, తెరిచి చూస్తేగా. మీరు చేత్తో తుడుస్తారు, కొలుస్తారు, ఆదివారం స్టార్ట్ చేస్తారు. కొడుకు గుర్తుగా అవే మిగిలాయి, వాటిని దూరం చెయ్యకూడదనుకున్నాను. అంతే. మీరు నాకోసం, నేను మీకోసం. ఎవరికీ అక్కర్లేని రెండు ఇనప ముద్దల కోసం రెండు నెలలు ఊరంతా తిరిగాను.

వ్యాను కొనేశాను. నిన్న డ్యూటీకి దాన్లోనే వెళ్ళాను. వాచ్‌మన్ ముందు గేటు తియ్యలేదు, "వెనక వైపు నుంచి రండమ్మా" అన్నాడు. వెనక గేటు దగ్గర ఇద్దరు స్ట్రెచరు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. డ్రైవరు సీట్లోంచి నేను దిగాను. "ఎవరు సిస్టర్?" అని మెల్లగా అడిగారు. ఎవరూ లేరని చెప్పాను. వాళ్ళు ఇంకేదో అనుకుని నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

వారంలోపు తిరిగిచ్చేస్తే తీసుకుంటానని బ్రోకరు మాటిచ్చాడు. ఇచ్చేసి బూడిదరంగు కారే కొంటాను. మోటారు సైకిళ్ళు అక్కడే అమ్మెయ్యండి. మనం నలుగురం హాయిగా వెళ్దాం.

ఇట్లు,
కోడలు

తా.క.: మా వార్డులో ఒక పెద్దాయన మందులు ఒక పట్టాన మింగడు. నేను ఆ బండి దిగడం కిటికీలోంచి చూశాడు. సాయంత్రం మారు మాట్లాడకుండా అన్నీ మింగేసి, "రేపటివి కూడా ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

*

మా అమ్మాయికి అత్తయ్య రాసేది.

ఇన్నాళ్ళూ ఉత్తరాలు మీ మామయ్య రాశాడు కదా, ఇది నేను రాస్తున్నాను. ఆయన నిద్రపోతున్నాడు. నా అక్షరాలు పెద్దవి. చాలకపోతే వెనక్కి తిప్పి చదువు.

నీ ఉత్తరం చూసి ఆయన ముందు నవ్వాడు. "అమ్మాయికీ అక్కర్లేదుటే!" అని గట్టిగా నవ్వి, కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఓ పాత రేకు దొరికితే దాని మీద 'రెండు మోటారు సైకిళ్ళు అమ్మబడును' అని రాసి గోడకి తగిలించాడు. ఆయన పైకి రాగానే నేను కిందికి దిగి, దాన్ని తిప్పి తగిలించాను. వెనక వైపు 'ఇక్కడ మూత్రము పోయరాదు' అని ఉంది. నాలుగు రోజులైంది. కొనేవాళ్ళెవరూ రావడం లేదని ఈయన ఆశ్చర్యపోతున్నాడు.

ఆయన నీకోసమనుకున్నాడు. నువ్వు ఆయనకోసమనుకున్నావు. నీకు కావాలా అని నన్ను ఒక్కరూ అడగలేదు. కన్నది నేనే కదే అమ్మా.

రోజూ మధ్యాహ్నం ఈయన పడుకున్నాక, ఒక్కో మెట్టూ పట్టుకుని కిందికి దిగుతాను. మోకాళ్ళ నొప్పులతో బండి ఎక్కలేను. పక్కన కుర్చీ వేసుకుంటాను. ఎర్రదాని సీటు మీద వాడు కూర్చునే చోటు కాస్త లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఆ పల్లంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. ఆదివారం ఈయన బండి స్టార్ట్ చేస్తే నేను పొయ్యి ఆపేసి వింటాను. ఆ పది నిమిషాలూ వాడు కింద ఉన్నట్టే ఉంటుంది. ఈయనకి దగ్గొస్తుందని తెలుసు. తెలిసీ ఆపమనలేదు. ఆ తప్పు నాదే.

అవి నాకు కావాలి. అమ్మనివ్వను. ఈ మాట ఆయనకి ఇంకా చెప్పలేదు, రేపు పొద్దున్నే చెబుతాను. ముందు నీకు రాయాలనిపించింది.

పాపకి ముద్దులు.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: బండి తిరిగిచ్చెయ్యకు. ఏ బండి అయితే నాకేం. ఆ రోజు వాణ్ణి తీసుకెళ్ళేటప్పుడు బండిలో చోటు లేదన్నారు. నన్ను ఎవరి కార్లోనో ఎక్కించారు. దారంతా దాని వెనక తలుపులు చూస్తూ వచ్చాను. ఈసారి లోపల బెంచీ మీద, వాటి పక్కనే కూర్చుని వస్తాను.