చీపురుకు మార్కులు

మార్చి 8, 1954. సోమవారం
వీధులూడ్చే చీపుర్లకు టెండర్ పిలిచారు. ఏ మునిసిపాలిటీయో పేరు రాయను. ఈ నోట్‌బుక్ ఎవరి కంట పడుతుందో!

ప్రతి ఏడూ తక్కువ రేటు వేసే నాగప్పన్‌కే పోయేది. ఈ ఏడు కొత్త రూలట. రేటుకు సగం మార్కులు, మన్నికకు సగం. కోడలు మంగళ నోటీసు రెండుసార్లు చదివింది. మూడోసారి ఆ ఆఫీసు మాటలు నేనే కూడబలుక్కుని చదివాను.

మా రాయపురం సందులో ఎనిమిది మంది ఆడవాళ్లం కొబ్బరి ఈనెల చీపుర్లు కడతాం. ఈ ఆర్డర్ రాకపోతే చేపలు ఎండబెట్టే పనికి పోతామని వల్లి, పాప్పాత్తి అంటున్నారు. ఇద్దరు పోతే మిగతావాళ్లు ఆగుతారా? ఒకటే గుండెదడ. చీపురు గురించి మాత్రం దడ లేదు. తడిపిన కొబ్బరితాడుతో కట్టి, నడుమ చెక్కచీల దిగ్గొడతాం. తాడు ఆరేకొద్దీ బిగుస్తుంది.

మార్చి 9
శాంపిల్ చీపుర్లు మూడు, శుక్రవారం ఇవ్వాలట. శుక్రవారం! లక్ష్మిని ఆ రోజు గడప దాటిస్తానా? అది అమ్మే సరుకు అత్తా, మనం ఊడ్చే చీపురా అని మంగళ నవ్వింది. ఈడ పుట్టినదేదైనా ఈ ఇంటిదేనే అన్నాను. గురువారమే ఇచ్చేస్తాను.

మార్చి 11
ఈనెలు విరుగుతాయేమోనని బస్సులో ఒళ్లోనే పెట్టుకున్నాను. దొరగారు లేరు, రేపు రా అవ్వా అన్నాడు ప్యూన్ సుబ్బన్. శుక్రవారం సంగతి చెప్పాను. మా అమ్మా ఇట్లనే సతాయిస్తాది, ఆడ తలుపు చాటున పెట్టిపో, రేపొచ్చి చీటీ కట్టుకో అన్నాడు. పెట్టి వచ్చాను.

ఎవరైనా ఎత్తుకుపోతే?

మార్చి 12, సాయంత్రం
ఎత్తుకుపోలేదు. ఊడ్చేశారు.

తలుపు చాటున, చీటీ లేకుండా చీపుర్లుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆఫీసు ఊడ్చే పచ్చయమ్మ తెల్లారే తీసి, మూడింటితోనూ పెరడంతా ఊడ్చేసింది. నేను పోయేసరికి ఈనెల నిండా బురద. వాడిన సరుకు శాంపిల్ కాదు పొమ్మన్నారు స్టోర్స్ ఆఫీసర్ తిరువేంగడం గారు. నాగప్పన్ పక్కనే ఉన్నాడు. ఏం అవ్వా, నీ చీపురు అప్పుడే ఉద్యోగంలో చేరిందే, పెన్షన్ ఎప్పుడు అని ఇకిలించాడు.

బురద చీపుర్లు ఎత్తి ఆఫీసరు గారి ముందు పెట్టాను. అయ్యా, కొత్త చీపురు మొహం చూసి మన్నికకు మార్కులు ఎట్ల వేస్తారు? నాగప్పన్‌వీ ఊడ్చనీండి, నావీ ఊడ్చనీండి. నావి ఒక పూట ముందే అరిగినాయి, అయినా సరే అన్నాను.

తిరువేంగడం గారు నోటీసు తీసి మన్నిక మాట ఇంకోసారి చదివారు. చివరికి సరేనన్నారు. రేపటి నుంచి పది రోజులు, పచ్చయమ్మ చేతే, చేపల మార్కెట్ గచ్చు మీద. ఒక పక్క నావి, ఒక పక్క నాగప్పన్‌వి.

అంత మాట ఎట్లా అన్నానో!

మార్చి 15
అన్నం సయించడం లేదు. చీల గట్టిగా దిగిందో లేదో.

మార్చి 18
ఉండబట్టలేక మార్కెట్‌కు పోయాను. పచ్చయమ్మ దగ్గరికి రానివ్వలేదు. నువ్వు ముట్టుకుంటే ఆ నాగప్పన్ గోల చేస్తాడు, దూరంగా ఉండు తల్లీ అంది. పోతుంటే మళ్లీ పిలిచి, ఆయన చీపురును మాటిమాటికీ నేలకేసి గుద్దుకోవాల్సి వస్తాది, నీది పొద్దున పట్టుకుంటే మద్దేన్నం దాకా గుద్దే పని లేదు అంది.

అది మంచిమాటే. వాన పడితే?

మార్చి 23
వాన పడలేదు. నాగప్పన్ చీపుర్ల కట్టు ఆరో రోజే వదిలిందట. నావి అరిగాయి, వదల్లేదు. నాది ఆరణాలు, ఆయనది నాలుగున్నర. రోజుల మీద లెక్క వేస్తే నాదే చవక అని తిరువేంగడం గారు అందరి ముందూ చదివారు. ఆర్డర్ మాకే. ఏడాదికి.

నాగప్పన్ నా వైపు చూసి, తాడు ఏ ఊరిది అవ్వా అన్నాడు. ఊరిలో ఏముంది, కిటుకు నీళ్లలో ఉండాది వెతుక్కో అన్నాను.

వల్లి, పాప్పాత్తి ఎక్కడికీ పోవడం లేదు. ఇంకో నలుగురు వస్తామంటున్నారు. అంతమందికి ఈనెలు దొరుకుతాయా?

ఏప్రిల్ 21
ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకు ఆ ఊరు పోయి వీధి మొగలో నిలబడ్డాను. వరసగా ఊడ్చుకుంటూ వచ్చారు. అన్నీ మావే. నా కాళ్ల దాకా వచ్చి ఒకామె, జరుగు అవ్వా, అడ్డమన్నది.

జరిగాను.