చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం

ఆళ్ళగడ్డ,
బుధవారం.

ప్రియమైన లూదియాకు ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ క్షేమమే అని రాయబోయి కలం ఆపాను. బనగానపల్లెలో నువ్వూ, బాలింత అయిన మన అమ్మాయి ప్రమీలా, పసిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ తమ్ముడు అజయ్ కుమార్ చేత పంపిన చీటీలో మూడు సంగతులు అడిగావు. కాలి పుండు ఇంకా పచ్చిగానే ఉంది, సోమవారం నంద్యాల పోయి కట్టు మార్పించుకుని వచ్చాను. అన్నం వండుకుంటున్నాను గానీ తినబుద్ధి కావడం లేదు. మూడోది ఇన్సులిన్ సూది సంగతి, అది చివర రాస్తాను.

పోయిన నెల చర్చిలో సాక్ష్యం చెప్పానని నీకు గొప్పగా ఫోన్ చేశాను గదా. షుగరుకు కాలివేలు తీసేసినప్పటి నుంచి పట్టిన దిగులు ప్రార్థనతో పూర్తిగా పోయిందన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. అది అబద్ధం లూదియా. సంఘపెద్దను, ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఊరికే ఏడుపొస్తోందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ మాట నమ్మి మన సంఘంలోని కమలాక్షమ్మ తన భర్త జయప్రకాష్ చేత దిగులు మాత్రలు మాన్పించింది. అతను గుండెజబ్బు మనిషని నీకు తెలుసు. నిన్న ప్రార్థన చేయమని పిలిస్తే పోయాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులుగా గంజి కూడా ముట్టలేదట.

"సారూ, నీకు నిజంగా పోయిందా? మరి నాకేంటికి పోలేదు? నా ఇస్వాసం చాల్లేదా?" అన్నాడు.

"పోయిందప్పా. నీకూ పోతాది," అన్నాను.

మళ్ళీ అదే అబద్ధం. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక సూది సంగతి. వేసుకుని పదకొండు రోజులైంది. మరిచిపోయి కాదు. ఫ్రిజ్ తెరుస్తాను, మందు చూస్తాను, మూసేస్తాను. పోతే పోనీ అనిపిస్తోంది. నీకు ఫోన్లో చెబుదామనుకుంటే వెనక పసిదాని ఏడుపు వినబడి మాట మింగేశాను.

రేపు పొద్దున్నే జయప్రకాష్ దగ్గరకు పోవాలి. నాకూ పోలేదప్పా, ఆ మాత్రలిచ్చిన నంద్యాల డాక్టరు దగ్గరకు ఇద్దరం పోదాం అని చెప్పాలి. చెప్పగలిగితే వాళ్ళింటి నుంచే నీకు ఫోన్ చేస్తాను. ఈ జాబు రేపు మధ్యాహ్నానికి అజయ్ నీకు తెచ్చిస్తాడు. అప్పటికీ నా ఫోన్ రాకపోతే, నేను మంచం దిగలేదని అనుకో. నువ్వు మాత్రం ఫోన్ చేయొద్దు, చేస్తే బాగున్నాననే చెబుతాను. బస్సెక్కి వచ్చెయ్.

ఇట్లు,
నీ ఇంటాయన,
సంజీవయ్య.