వంతెన మీద బస్సు

బాబాయికి నమస్కారాలు. పిన్ని ఆరోగ్యం కాస్త కుదుటపడిందనుకుంటాను.

మీరు ఇంజనీరుగా ఉన్న రోజుల్లో బస్సులు ఆపమంటే ఆపేవారు. ఇప్పుడు నిర్ణయం ముందే అయిపోతుంది, మా ఇంజనీర్ల సలహా తర్వాత అడుగుతారు. మీ ఊరి ఏటి వంతెన దూలంలో పగులు పెరుగుతోందని రాసిచ్చాను. మా పై అధికారి చదివి, "సలహా అడిగితే జనాన్ని హడలగొడతావేంటమ్మా? బస్సులు నడపొచ్చని రాయి, చాలు" అన్నారు. నేను రాయలేదు.

నిన్న జనంతో సమావేశం పెట్టారు. నోరు మెదపవద్దని చెప్పి నన్ను వేదిక చివర కూర్చోబెట్టారు. అయినా ఒకావిడ లేచి నన్నే అడిగింది. "మీ పిల్లల్ని ఆ బస్సు ఎక్కిస్తారా?"

అధికారి నావైపే చూస్తున్నారు.

"ఎక్కించనమ్మా" అన్నాను.

హాలు అట్టుడికిపోయింది. అప్పటికప్పుడు బస్సులు ఆపక తప్పలేదు. ఇవాళ నన్ను ఆ వంతెన తనిఖీ పని నుంచి తప్పించారు. మరొకరి సంతకం తీసుకుని ఎల్లుండి నుంచి మళ్లీ నడుపుతారట. పైవాళ్లకు ఫిర్యాదు పంపాను, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.

ఆసుపత్రికి చుట్టుదారిలో తీసుకెళ్తే పిన్నికి నడుము నొప్పి, నా మీద కోపం రెండూ వస్తాయి. రానివ్వండి. వంతెన మాత్రం ఎక్కనివ్వకండి.

మీ అన్నగారి అమ్మాయి