చెరుకు రసం తాగిన కుక్రీ

యుద్ధానికి వెళ్లి మళ్లీ రాని అన్నగారి సముఖమునకు బోధన్ నుంచి తమ్ముడు విన్నవించునది:

నీ గూర్ఖా దోస్తు ఇచ్చిన కుక్రీ, ఒరలోని రెండు పిల్లకత్తులతో సహా క్షేమం. కొమ్ములా వంగిన ఆ కత్తిని దూస్తే, నెత్తురు చూడందే మళ్లీ ఒరలోకి పోదని నువ్వు సెలవుల్లో కోసిన కోతలు నమ్మి, మనల్ని కన్న అవ్వ ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఈ దసరాకు పనిముట్ల పూజలో బతిమాలాను. "ఒరలనే జంగు పడ్తది అవ్వా, జర నూనె రాద్దాం."

అవ్వ కత్తి దూసింది. పక్కనున్న చెరుకుగడ నరికి, రసం అంచుకు పూసింది.

"పోయిన నెత్తురు సాలు బిడ్డా. ఇగ గిది తాగి పండుకో," అంది కత్తితో.

తర్వాత తుడిచి, నూనె రాసి, ఒరలో పెట్టింది.

నన్నెన్నడూ అంత ముద్దుగా పిలవలేదన్నా. కత్తి మీద నాకు ఈర్ష్యగా ఉంది.