రాజుగారి రోజులు

శ్రీవారికి,

మీ భార్య ఆవిస్ నమస్కరించి రాసేది. దేవుడి దయవల్ల ఈ పూట దాకా ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం. లండన్‌లో మీరు, మీ సేవలో కోలుకుంటున్న రాజుగారు కూడా క్షేమమని తలుస్తాను.

"గుమాస్తా వాల్టర్ చేత రాయించకు, వాడి ఉత్తరాలు శిస్తు కాగితాల్లా ఉంటాయి, నీ చేత్తో నువ్వే రాయి" అన్నారు. రాస్తున్నాను. మా నాన్న నన్ను మూడేళ్ళే చదివించారు. అక్షరాలు వంకరగా ఉంటే మీలో మీరే నవ్వుకోండి, ఎవరికీ చూపించకండి అని రాయబోయి ఆగాను. ఎందుకు ఆగానో ఈ కాగితం చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అత్తగారికి దగ్గు తగ్గింది, కోపం తగ్గలేదు. బూడిదరంగు గుర్రం ఈనింది, పిల్లకు నుదుట తెల్లమచ్చ ఉంది. దుప్పుల వనం చుట్టూ కంచె ఉత్తరం వైపు పూర్తయింది. పడమటి గదుల కప్పుకు, రాజుగారు మూయించిన పాత మఠం మీద నుంచి దింపిన సీసపు రేకులే వేయించాం. అయినా ఒక మూల కారుతూనే ఉంది.

పార్లమెంటు ఎన్నికకు మన వైపు ఎంతమంది రైతులు నిలబడతారని అడిగారు. మీరు చెప్పినట్టే సెయింట్ ల్యూక్ పండుగనాడు సొంత భూములున్న రైతులందరినీ భోజనానికి పిలిచాం. ఎద్దు మాంసం కాల్చాం, కొత్త బీరు పీపా తెరిచాం. ముప్పైమందికి బల్లలు వేస్తే నలుగురు వచ్చారు. ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చే జెంకిన్ గుమ్మం దగ్గరే టోపీ తీసి నిలబడ్డాడు.

"మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు దొరసానీ, కూర్చోలేను."

"అవునా? నిన్న సంతలో కోడిగుడ్ల దగ్గర నాతో అరగంట పోట్లాడింది కదయ్యా. అప్పుడు బాగానే ఉందే!" అన్నారు అత్తగారు.

"రాత్రి నుంచే దొరసానీ" అని నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. మిగిలిన మాంసమంతా ఊళ్ళో పేదవాళ్ళకు పంచాం. వాళ్ళు కూడా వాకిట్లో నిలబడలేదు, తీసుకుని గబగబా వెళ్ళారు.

అందుకు కారణం గురువారం తెలిసింది. పొరుగు దొర సర్ ఫుల్క్ మన ఇంటికి వచ్చారు. మఠం భూములు రాజుగారు మీకు ఇచ్చిన రోజు నుంచి ఆయన మన గడప తొక్కలేదు. ఆ భూములు తనకే వస్తాయని గొడ్ల చావిళ్ళు కూడా కట్టించుకున్న మనిషి. అలాంటిది ఈసారి నాకోసం క్విన్సు పండ్ల మిఠాయి పెట్టె తెచ్చారు.

"ఎలా ఉన్నావమ్మా? చిక్కిపోయావు" అన్నారు. తర్వాత పక్షుల వేట గురించి మాట్లాడి, తింటూ తింటూ అన్నారు. "మీ మఠం రాళ్ళ పక్కన గుడిసెలో ఉండే ముసలి సన్యాసి అంబ్రోజ్ లేడూ, వాణ్ణి పట్టుకున్నామమ్మా. ఎవరిదో వెండి గరిటె పోతే జల్లెడ తిప్పి దొంగ పేరు చెప్పాడట. అది మంత్రవిద్య నేరం. న్యాయాధికారిని, ఊరుకోలేను కదా."

"ముసలివాడు, వదిలేయకూడదూ?" అన్నారు అత్తగారు.

"వదిలేద్దామనే అనుకున్నా. కానీ గుడిసె నిండా కాగితాలే! మఠం అలవాటు పోలేదు వాడికి. ఎవరొచ్చారు, ఏమడిగారు, అన్నీ తేదీ వేసి రాసుకున్నాడు. అంతా లాటిన్‌లో ఉంది. నెమ్మదిగా చదివిస్తున్నా. ఊళ్ళో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మిఠాయి ముక్క కోసి నా పళ్ళెంలో పెట్టారు. "సోమవారం మా రౌతు లండన్ వెళుతున్నాడు. మీ ఆయనకు ఉత్తరం ఉంటే ఇవ్వు తల్లీ, జాగ్రత్తగా చేరుస్తాం."

నేను మిఠాయి పళ్ళెం పక్కకు జరిపాను. ఎందుకో ఇక దాచను.

పోయిన ఆగస్టులో నేను అంబ్రోజ్ గుడిసెకు వెళ్ళాను. రెండు వెన్నముద్దలు, ఉన్ని మేజోళ్ళు పట్టుకెళ్ళాను. మన పెళ్ళయి నాలుగేళ్ళు. అందులో మీరు ఈ ఇంట్లో ఉన్న రోజులు నేను ఒక్కొక్కటీ చెప్పగలను. "మొగుడు రాజుగారి పడకగది గుమ్మంలో పడుకుంటే ఈ ఇంటికి వారసుడు ఎక్కణ్ణుంచి ఊడిపడతాడే?" అని అత్తగారు అందరి ముందూ అనేవారు. మీరు ఎప్పుడు వస్తారో తెలుసుకోవాలని వెళ్ళాను, అంతే.

"ఆయన్ని కదలనివ్వనిది ఎవరమ్మా?" అని అడిగాడు అంబ్రోజ్.

"రాజుగారు" అన్నాను.

"అయితే నీ మొగుడి జాతకం చూసి లాభం లేదు. ఆయన ఎన్నాళ్ళుంటే ఈయన అన్నాళ్ళు అక్కడే. రాజుగారిదే చూడాలి. చూడమంటావా?"

నాకు ఎవరితోనూ కాదని చెప్పడం రాదు. మీకు తెలుసు. తల ఊపాను.

రాజుగారి పుట్టినరోజున దేశమంతా గంటలు కొడతారు కనుక, ఆ తేదీ నన్ను అడగలేదు. చతురస్రం గీశాడు, గళ్ళు వేశాడు, ఏవో గుర్తులు పెట్టాడు. చాలాసేపు చూసి కాగితం బోర్లించాడు. ఏం కనిపించిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత దాన్ని మళ్ళీ తిప్పి అడుగున ఏదో రాశాడు. "అదేమిటి?" అని అడిగితే, "అడిగినవాళ్ళ పేరు రాయాలి కదా తల్లీ" అన్నాడు.

సర్ ఫుల్క్ వెళ్ళాక ఇదంతా అత్తగారికి చెప్పాను. ఆవిడ లేచి తలుపు గడియ వేశారు. నన్ను కొడతారనుకున్నాను, కొట్టలేదు.

"పిచ్చిదానా! రాజుగారు ఇంకెన్నాళ్ళు బతుకుతారని లెక్క కట్టించడం రాజద్రోహమే. అడిగినదాని తల పోతుంది. మొగుడే పంపాడంటారు, వాడి తలా పోతుంది. అప్పుడు ఈ భూములన్నీ రాజుగారివి. ఆయన్ని అడిగి పుచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడే ఇందాక నీకు మిఠాయి పెట్టి మరీ వెళ్ళాడు."

"మీ అబ్బాయికి రహస్యంగా కబురు పంపుదామా?" అన్నాను.

"పంపితే తెలిసీ దాచాడంటారు. అదీ నేరమే. పంపకపోతే తెలియదన్న మాట ఒక్కడూ నమ్మడు." అలా అని ఆవిడ ఏడ్చారు. అత్తగారు ఏడవడం నేను చూడలేదు ఇంతవరకు.

రెండు రోజులు ఆలోచించాను. మీకు ఈ సంగతి మిగతా లోకంతో పాటే తెలియాలి, ఒక్క గంట కూడా ముందు కాదు. అందుకని రేపు ఆదివారం చర్చిలో, పాస్టరుగారు ప్రకటనలు చదివాక, నేను లేచి నిలబడి ఈ ఉత్తరం మొదటి నుంచి చదువుతాను. జెంకిన్ ఉంటాడు, భోజనానికి రాని వాళ్ళందరూ ఉంటారు, ముందు బల్ల మీద సర్ ఫుల్క్ ఉంటారు. చదివాక అందరూ చూస్తుండగా ఆయన రౌతు చేతికే ఇస్తాను. ఊరంతా విన్న ఉత్తరాన్ని దారిలో కాల్చడం ఎవరివల్లా కాదు.

మీరు మాత్రం నేను చెప్పినట్టు చేయండి. ఇది చేతికి రాగానే నేరుగా రాజుగారి సలహాదారుల దగ్గరకు వెళ్ళి వాళ్ళ ముందు పెట్టండి. నన్ను కాపాడే మాట ఒక్కటి కూడా అనకండి. అంటే మీకు ముందే తెలుసనుకుంటారు. నా గురించి అడిగితే, "నాలుగేళ్ళలో దానితో నేను గడిపింది ఎన్ని రోజులు?" అని అనండి. అది నిజమే కదా.

చర్చిలో వింటున్నవాళ్ళకు ఒక మాట: అంబ్రోజ్‌కి జల్లెడ తిప్పడం తప్ప ఏ చెడూ తెలియదు. తల ఊపింది నేను. మా వారికి తెలియదు, అత్తగారికి గురువారం దాకా తెలియదు. వినేవాళ్ళందరూ దీనికి సాక్షులు.

పది మందిలో నా పేరు కూడా నేను మెల్లగానే చెబుతాను. రేపు చదువుతుంటే వెనక బల్లల వాళ్ళకు వినపడకపోవచ్చు. గట్టిగా చదవమని అడిగితే, మళ్ళీ మొదటి నుంచి చదువుతాను.

ఇట్లు,
మిమ్మల్ని ఇంటికి రప్పించుకోవాలనుకున్న
మీ భార్య ఆవిస్