కూలర్ కింద ప్లాస్టిక్ కాగితం

ఏవండీ,

మీరు పొరబడ్డారు. మీ కంప్యూటర్ పది నిమిషాలకోసారి ఆరిపోవడానికి కారణం బహ్రెయిన్ ఎండ కాదు, మీరే.

సిత్రా రిఫైనరీలో డ్యూటీ నుంచి వచ్చి మీ చేతులతో బిగించుకున్న ఆ పెట్టెను పారేద్దామని, మీరు ప్రభువు దగ్గరికి పోయాక మన రాజు రెండుసార్లు అన్నాడు. "ఖలాస్ అమ్మా, దాని పనైపోయింది." చర్చి కోసం మీరు పాడి దాచిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. కాపీ చేయబోతే సగంలోనే ఆరిపోయేది.

నిన్న రాజు కూతురు కెజియా దాన్ని విప్పింది. ప్రాసెసర్ వేడిని లాగే కూలర్‌ను ఊడదీసి, "నానమ్మా, తాతయ్య దీని అడుగున ప్లాస్టిక్ తియ్యనే లేదు" అంది.

"టీవీ రిమోట్‌కే ఏడేళ్లు కవరు తియ్యని మనిషి. తీసుంటే ఆశ్చర్యపోవాలి" అన్నాను.

అగ్గిపెట్టెంత కూడా లేని ఆ ప్రాసెసర్ తన వేడిని తానే కొలుచుకుంటుందట. వేడెక్కితే పని నెమ్మది చేసుకుంటుందట. అప్పటికీ తగ్గకపోతే, కాలిపోకముందే తనంతట తానే ఆగిపోతుందట. నాలుగేళ్లు అలాగే ప్రాణం కాపాడుకుంది. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన నేను కెజియా చేత ఇదంతా రెండోసారి చెప్పించుకున్నాను. అదెంత అరుదో మీకు తెలుసు.

కెజియా ప్లాస్టిక్ తీసి, వేడిని కూలర్‌కు దాటించే కొత్త పేస్టు రాసి బిగించింది. తర్వాత ఒక్కసారీ ఆగలేదు. పాటలన్నీ వచ్చేశాయి. నేనింకా వినలేదు.

మా నాన్నగారు అక్కడే ఎక్కడో ఉంటారు. వేడి గురించి నాకు మొదట పాఠం చెప్పింది ఆయనే. వెతికి పట్టుకుని ఈ ప్రాసెసర్ సంగతి వివరంగా చెప్పండి. ఆయనకు ఎడమ చెవి వినపడేది కాదు. అక్కడ బాగైందో లేదో తెలియదు కాబట్టి కుడివైపు కూర్చోండి.